పిల్లలు తిరిగే పెరట్లో పుంజు

నడక నేర్చిన నాటి నుంచి ఐదారేళ్లు వచ్చేదాకా పిల్లలు ఆడుకునే నేల మీద పుంజును వదలకూడదన్నది నా అభిప్రాయం. కోళ్లు పెంచవద్దని నేను అనడం లేదు. పొదలకూరు దగ్గర మా ఊళ్లో, మా ఇంట్లో ఇవాళ్టికీ పెట్టలున్నాయి, పుంజూ ఉంది. అయితే ఆ పుంజుకూ ఇంటికి వచ్చిపోయే పిల్లలకూ మధ్య ఒక కంచె ఉంది. ఆ కంచె సంగతి వచ్చినప్పుడల్లా రెండు రకాల మాటలు వింటుంటాను. నెల్లూరు టౌనులో స్థిరపడిన బంధువులు, "పసిపిల్లలున్న ఇంట్లో అసలు కోళ్లెందుకు?" అంటారు. ఊళ్లోవాళ్లు, "మేమంతా కోళ్ల మధ్య పెరగలేదా?" అంటారు. మొదటివారికి చెప్పవలసింది ఎక్కువ లేదు. పిల్లలకు రోజూ గుడ్డు పెట్టాలనుకునే ఇంట్లో నాలుగు పెట్టలుండటం మంచిదే. పెట్టలు సాధారణంగా మనుషుల జోలికి రావు. పిల్లలకోడి సంగతి వేరు, తన పిల్లల మీద చెయ్యి వేయబోతే అది ఎంత పెద్దవారినైనా తరుముతుంది. రెండోవారి మాటలో సగం నిజం ఉంది కనుక, ఓపికగా జవాబు చెప్పవలసింది వారికే.

మా అత్తమ్మ ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా, "మీ ఆయన్ని కోళ్ల మధ్యే పెంచినా గదమ్మా, ఏమైంది వాడికి?" అంటుంది. ఆయన ఎడమ కనుబొమ పక్కన చిన్న మచ్చ ఉంది. అది చిన్నప్పుడు పుంజు పొడిచిన గుర్తని నాకు చెప్పిందీ ఆమే. కానీ ఆ సంగతి ఈ వాదనలో లెక్కకు రాదు. అర అంగుళం కిందికి తగిలి ఉంటే ఆమె ఈ కథ ఇంత తేలిగ్గా చెప్పగలిగేది కాదు.

అయినా ఆ తరం మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. నలభై యాభై ఏళ్ల కిందట కోళ్లు పెరిగిన తీరు వేరు. ఇంటి వెనక గడ్డివామి, పెంటదిబ్బ, పశువుల కొట్టం, వాటికి ఆనుకుని చేను ఉండేవి. పొద్దున గంప ఎత్తగానే పుంజు తన పెట్టలను వెంటబెట్టుకుని పెంటదిబ్బ దారి పట్టేది, పొద్దు వాలితే గానీ ఇంటి ముఖం చూసేది కాదు. పిల్లల్ని కనిపెట్టుకుని అరుగు మీద అవ్వో, పదేళ్ల అక్కో ఉండేవారు. ఇప్పుడు ప్రభుత్వ కాలనీల్లో పల్లెవాసులకు ఇచ్చిన ఇంటి స్థలం సెంటున్నర, అంటే డెబ్బై గజాల పైచిలుకు. అందులో ఇల్లు లేచాక మిగిలేది ఇంటి గోడకూ ప్రహరీకీ మధ్య మూడడుగుల సందు. సొంత స్థలం ఉన్నవారు కూడా చుట్టూ కాంపౌండు కట్టి, నేలంతా సిమెంటు చేసి, గేటు వేసేస్తున్నారు. ఆ సందులోనే రెండు పెట్టలతో ఒక పుంజు, ఆ సందులోనే మూడు చక్రాల సైకిలు తొక్కే పిల్లవాడు. ఎదురుపడితే తప్పుకోవడానికి ఇద్దరికీ దారి లేదు, చూసేందుకు పెద్దవారు ఉంటే వంటింట్లో, లేకపోతే ఫోనులో. పుంజు గుణం అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. మధ్యనున్న నేల తరిగిపోయింది. "మేం పెరగలేదా?" అనేవారు ఆ నేలను మరిచిపోయి మాట్లాడుతున్నారన్నదే నా అభ్యంతరం.

పుంజు మీదికి ఎందుకు వస్తుందో తెలిస్తే విషయం ఇంకా తేటపడుతుంది. నాలుగైదు నెలల వయసులో కూత నేర్చిన పుంజు అక్కడి నుంచి ఏడాది దాటేదాకా పొగరు మీద ఉంటుంది. తన పెట్టల చుట్టూ ఉన్న జాగా అంతా తనదేనని దాని లెక్క. అందులోకి అడుగుపెట్టిన మరో పుంజును ఎలా చూస్తుందో, కొన్ని పుంజులు మనిషినీ అలాగే చూస్తాయి. పెద్దవారు దానికి చాలా ఎత్తు, నిదానంగా నడుస్తారు, తొణక్కుండా నిలబడతారు. రెండేళ్ల పిల్ల చేతులు ఆడిస్తుంది, కీచుమంటుంది, దాని మీదికి నాలుగడుగులు పరుగెత్తి, చటుక్కున వెనక్కి తిరిగి పారిపోతుంది. ఎదురు పరుగెత్తడం పుంజు దృష్టిలో కయ్యానికి పిలుపు, పారిపోవడం ఓడినదాని లక్షణం. ఓడినదాన్ని తరిమి కొట్టడం దానికి పుట్టుకతో వచ్చిన బుద్ధి. పిల్ల ఆటనుకుని చేసినదంతా పుంజుకు పోట్లాటగా కనిపిస్తుంది.

మీదికి వచ్చే ముందు పుంజు హెచ్చరించకపోదు. ఒక రెక్క నేలకు తగిలేటంతగా వాల్చి, పక్కవాటంగా చిన్న చిన్న అడుగులు వేస్తూ చుట్టూ తిరుగుతుంది. మెడ ఈకలు నిక్కబొడుచుకుంటాయి. తల ఒక పక్కకు వంచి ఒంటికంటితో చూస్తూ, నేల మీద ఏమీ లేకపోయినా గింజ ఏరుతున్నట్టు నటిస్తుంది. ఆ తరువాత రెండు కాళ్లూ ముందుకు చాచి ఎగురుతుంది. ముక్కుతో పట్టుకుని, కాలి వెనక పెరిగిన ముల్లుతో కొడుతుంది. ఈ రెక్క వాల్చడం చూసి పెద్దవారు జాగ్రత్తపడగలరు, పిల్లలు "కోడి డాన్సు చేస్తోంది" అని ఇంకా దగ్గరికి పోతారు. ఎగిరి కొట్టే దెబ్బ పెద్దవారికి పిక్క మీదో మోకాలి మీదో పడుతుంది. రెండేళ్ల పిల్ల నిలబడితే మూడడుగులు ఉండదు. అంటే ఆ దెబ్బ పడే ఎత్తులోనే దాని ముఖం ఉంటుంది. నా వాదనంతటికీ మూలం ఈ ఎత్తు లెక్కే.

కోపం లేని పుంజు వల్ల కూడా గాయమవుతుంది. కలువాయిలో మా చెల్లెలి అత్తగారింట్లో ఇది కళ్లారా చూశాను. చెల్లెలి కూతురికి అప్పటికి రెండేళ్లు నిండలేదు. మెట్టు మీద కూర్చుని బొరుగుల గిన్నె ఒళ్లో పెట్టుకుని తింటోంది. ఆ ఇంటి పుంజు ఎవరి మీదికీ పోయేది కాదు. అది మెల్లగా వచ్చి గిన్నె అంచు నుంచి రెండు బొరుగులు ఏరుకుంది. పిల్ల నవ్వి, ఇంకో గుప్పెడు తీసి నోట్లో కుక్కుకుంది. వాటిలో ఒకటి కింది పెదవికి అంటుకుని నిలిచింది. పుంజు మెడ సాచి దాన్ని కూడా ఏరుకుంది. ఈకలు నిక్కలేదు, రెక్క వాలలేదు. గింజ కనిపించింది, పొడిచింది. పెదవి చిట్లి గడ్డం దాకా నెత్తురు కారింది. ఆ బొరుగు చెంప మీద, కంటికి దగ్గరగా అంటుకుని ఉండవచ్చు. పైగా కోళ్లకు మెరిసేదాన్ని పొడిచి చూసే అలవాటుంది. చెవి కమ్మలను, గాజులను, చొక్కా గుండీలను పొడవడం కోళ్లున్న ఇంట్లో అందరూ చూసేదే. "మా పుంజు సాధువండీ" అన్న మాటకు నేను పెద్ద విలువ ఇవ్వనిది ఇందుకే.

కంటికి తగిలినప్పుడు పొడుపు కంటే ఆ తరువాత ఇంట్లో చేసే వైద్యం ఎక్కువ చెరుపు చేస్తుంది. చనుబాలు పిండటం, నందివర్ధనం పూల రసం పోయడం, నీళ్లు గట్టిగా చల్లి కడగడం, బీరువాలో మిగిలిన చుక్కల మందు వేయడం, ఇవేవీ చేయకూడదు. కోడి ముక్కు పొద్దస్తమానం మట్టిలోనూ పెంటలోనూ తిరిగేది. నల్లగుడ్డుకు సన్నని రంధ్రం పడినా ఆ మురికి లోపలికి పోయి, ఒకటి రెండు రోజుల్లో కన్ను చీము పట్టి చూపే పోవచ్చు; మొదటి రోజు మాత్రం కన్ను కాస్త ఎర్రబడినట్టే ఉంటుంది. శుభ్రమైన కాగితపు టీ కప్పును కన్ను నొక్కుకోకుండా చుట్టూ ఎముకకు ఆనేటట్టు పెట్టి, టేపు అంటించి, పిల్ల చేతులు పట్టుకుని, అదే పూట కంటి ఆసుపత్రికి తీసుకుపోవాలి. మత్తు ఇచ్చి చూడవలసి రావచ్చు కనుక దారిలో తిండి పెట్టకపోవడం మేలు. సాయంత్రం తగిలితే పొద్దున పోదామనుకోవడానికి వీల్లేని గాయం ఇది.

ముల్లు దిగిన గాయం ఇంకో రకంగా మోసం చేస్తుంది. పైకి చిన్న చుక్క, లోపలికి లోతు; రక్తం పెద్దగా రాదు గనుక పసుపు అద్ది ఊరుకుంటారు. పసుపు గానీ కాఫీపొడి గానీ సున్నం గానీ పెట్టి ఆ నోరు మూయకుండా, పారే నీళ్ల కింద సబ్బుతో బాగా కడగాలి. తల మీదో, కీలు దగ్గరో, అరచేతిలోనో దిగితే డాక్టరుకు చూపించాలి. కుక్క కరిస్తే వేసే సూదులు దీనికీ వేయించాలా అని అడిగేవారున్నారు. పక్షుల వల్ల రేబిస్ రాదు, అవి అక్కర్లేదు. కావలసింది ధనుర్వాతం నుంచి రక్షణ. పుట్టిన 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్ టీకాలోనూ, ఆపైన 16 నుంచి 24 నెలల మధ్య ఒకసారి, 5–6 ఏళ్ల మధ్య మరోసారి వేసే డీపీటీ బూస్టర్లలోనూ ఆ రక్షణ ఉంటుంది. తొమ్మిది నెలల సూదితో పని అయిపోయిందనుకుని బూస్టరు మాటే మరిచిన ఇళ్లు నాకు తెలుసు. కోళ్లున్న ఇంట్లో ఆ కార్డు ఒకసారి తీసి చూడటం కంచె కట్టడం కంటే ముందు చేయవలసిన పని.

ఇంతకూ చిన్నపిల్లలున్న ఇంట్లో పుంజు అవసరమేనా? తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మలాగే, పుంజు లేకపోతే పెట్ట గుడ్డు పెట్టదని మా వైపు చాలామంది నమ్మకం. గుడ్డు పెట్టడానికి పెట్టకు పుంజుతో పని లేదు. అంగడిలో కొనే ఫారం గుడ్లన్నీ పుంజు ముఖం ఎరగని పెట్టలవే. పుంజు కావలసింది పిల్లలు తీయించడానికి, అది కూడా ఏడాది పొడవునా కాదు. పుంజుతో కలిసిన పెట్ట, పుంజును తీసేశాక కూడా వారం పది రోజులపాటు పొదగడానికి పనికొచ్చే గుడ్లు పెడుతూనే ఉంటుంది. పొదగేయాలనుకున్నప్పుడు తెలిసినవారి పుంజును తెచ్చి, ఒక వారం పెట్టలతో ఉంచి, తిరిగి పంపి, ఆ వెంటనే పెట్టిన గుడ్లను పోగుచేసి పొదుగు పెట్టుకోవచ్చు. 21 రోజులకు పిల్లలు వస్తాయి. ఏడాదిలో ఒకటి రెండు వారాలు చంటిపిల్లను పెరటి వైపు పోనీయకుండా చూసుకోవడం ఏ ఇంటికైనా చేతనవుతుంది. మూడు వందల అరవై ఐదు రోజులు చూసుకోవడం ఎవరికీ చేతకాదు.

పుంజు ఉండి తీరాలనుకునేవారికి కంచె తప్పదు. కంచె అనగానే నాలుగు కర్రలు పాతి కంపతో దడి కడతారు; నాటుపుంజు దాన్ని ఒక్క ఎగురుకు దాటుతుంది, పిల్లలు కంప గుచ్చుకుని ఏడుస్తారు. మేం కట్టింది ఇలా. చుట్టూ అరంగుళం కన్నాల ఇనుప జాలీ, ఆరడుగుల ఎత్తు. పైన రొయ్యల గుంటల మీద కొంగలు వాలకుండా కప్పే వల పాతది పరిచాము, ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు తెలిసినవారుంటే అటువంటిది దొరుకుతుంది. అడుగున రెండడుగుల మేర కడప బండలు నిలువుగా పాతాము. ఈ బండలే ముఖ్యమని నేను అంటాను. పిల్లలు జాలీకి ముఖం ఆనించి చూస్తారు, కన్నాల్లో వేళ్లు దూరుస్తారు, లోపలి నుంచి పుంజు ఆ వేలిని పొడుస్తుంది. అడుగున బండ ఉంటే కూర్చున్న పిల్లకూ కోడికీ ముఖాముఖి ఉండదు. రాత్రిపూట ముంగిస తవ్వి లోపలికి దూరే భయమూ తగ్గుతుంది. గడియ పెద్దవారి భుజం ఎత్తులో, బయటి వైపు ఉండాలి. కోడికి పది చదరపు అడుగులకు తగ్గకుండా జాగా ఉంటే అవి ఒకదాన్నొకటి పొడుచుకోకుండా ఉంటాయి. రెండు పెట్టలకు ఒక పుంజును పెట్టడం కూడా మంచి పని కాదు, ఆ పెట్టల వీపులు బోడిపడిపోతాయి; ఎనిమిది పది పెట్టలకు ఒకటి చాలు.

జాలీకి డబ్బు లేదంటే వేళలు పంచుకోవడం ఇంకో దారి. పిల్ల అంగన్‌వాడీకి పోయిన పూట పుంజును వదిలి, వచ్చే వేళకు గింజలు చల్లి గంప కిందికి చేర్చి, పైన రాయి పెట్టాలి. గంప తిరగేయడం రెండేళ్ల పిల్లకు పెద్ద విద్య కాదు, అందుకే ఆ రాయి.

పందెం పుంజుల సంగతి కొంచెం వేరు. పందేలు 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారమూ, రాష్ట్రంలోని 1974 నాటి గేమింగ్ చట్టం ప్రకారమూ నేరమే. అయినా సంక్రాంతి కోసం పుంజులను మేపే ఇళ్లు ఉన్నాయని అందరికీ తెలుసు. విచిత్రమేమిటంటే, రోజూ చేతుల్లో పెరిగే అసిల్ జాతి పుంజులు సాటి పుంజును చూస్తే ఆగవు గాని మనుషుల దగ్గర చాలావరకు మెత్తగా ఉంటాయి. అక్కడ ప్రమాదం తాడుతో, కత్తులతో. కాలికి తాడు కట్టి గుంజకు కట్టేసిన పుంజుకు పారిపోయే వీలు లేదు, తాడు అందే మేరలోకి పిల్ల వస్తే అది ఎదురు తిరుగుతుంది. తాడు మేర చుట్టూ ముగ్గుపిండితో గీత గీసి పిల్లలకు చూపించేవారు ఒకరిద్దరున్నారు, మిగతావారు అదీ చేయరు. కత్తుల పెట్టెను మాత్రం తాళం వేసి ఉంచాలని నేను వేడుకోవలసి వస్తోంది. 2021 ఫిబ్రవరిలో తెలంగాణలోని జగిత్యాల జిల్లాలో, పుంజు కాలికి కట్టిన కత్తి గజ్జల్లో దిగి, దాన్ని పందేనికి తెచ్చిన మనిషే ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ కత్తికి ఎదురుగా చేతులు చాచే పిల్లల గురించి వేరే చెప్పనక్కర్లేదు.

మొక్కు పుంజు అనేది మరో చిక్కు. పోలేరమ్మకని వదిలిన పుంజును జాతర దాకా అమ్మరు, కోయరు, గంప కింద మూయడానికి కూడా కొందరికి మనసొప్పదు. అది వీధిలో తిరుగుతూ కనిపించిన పిల్లనల్లా తరిమినా, అమ్మవారి పుంజు గదా అని ఊరుకుంటారు. మొక్కు మీద నాకు తగువు లేదు. అమ్మవారికి చెల్లించేదాకా దాన్ని కంచెలో ఉంచి గింజలు పెట్టి మేపితే మొక్కుకు వచ్చే లోటేమిటో ఎవరూ నాకు చెప్పలేకపోయారు.

దెబ్బల మాట ఇంత చెప్పి పెంట మాట చెప్పకపోతే తప్పవుతుంది. పాకే పిల్ల నేల మీద దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటుంది. పెరూ రాజధాని లిమాలో పేదల వాడల్లో, కోళ్లను వదిలి పెంచే ఇళ్లలోని పసిపిల్లలను పగలంతా పక్కనే కూర్చుని గమనించిన పరిశోధకులు, కోడి పెంట వారి నోట్లోకి ఎన్నిసార్లు పోతోందో 1990లోనే రాసిపెట్టారు. సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ వంటి విరేచనాల సూక్ష్మజీవులు అందులో ఉంటాయి, ఐదేళ్లలోపు పిల్లలకు వాటి దెబ్బ ఎక్కువ. రాత్రిపూట కోళ్లను మంచం కింద గంపలో మూసే అలవాటు చంటిపిల్ల ఉన్న ఇంట్లో మానుకోవాలి. కోడిపిల్లలను ముద్దుపెట్టుకోనీయకూడదు, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించాలి. చచ్చిన కోడిని, తూగుతున్న కోడిని పిల్లలు తాకకూడదు. 2024 ఫిబ్రవరిలో బర్డ్ ఫ్లూ మా పొదలకూరు మండలం చాటగుట్లలోనూ, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలోనూ బయటపడింది; 2025 మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప ఆ వైరస్ సోకి మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. మనుషులకు అది సోకడం చాలా అరుదు, భయపడి కోళ్లన్నీ తెగనమ్ముకోవలసిన పని లేదు. కానీ కోళ్లు వరసగా చస్తుంటే కొక్కెర తెగులేలే అని మనమే తేల్చేసుకోకుండా పశువైద్యశాలకు కబురు పెట్టాలి.

మీదికి వచ్చే పుంజును దారికి తేవచ్చా అంటే, పెద్దవారి వరకు తేవచ్చు. తన్నకుండా, పారిపోకుండా నిలబడి, పట్టుకుని చంకలో పెట్టుకుని కాసేపు తిప్పితే కొన్ని తగ్గుతాయి. కాలితో తంతే అది పోటీ అనుకుని రెట్టిస్తుంది. అయితే నాకు లొంగిన పుంజు నా మేనకోడలికి లొంగుతుందని అనుకోవడానికి లేదు. అది మనిషిని బట్టి లెక్క వేసుకుంటుంది. పిల్ల మీదికి ఒకసారి ఎగిరిన పుంజు మా ఇంట్లో కూర అవుతుంది, రెండో అవకాశం ఉండదు. అటువంటిదాన్ని గుణం చెప్పకుండా ఇంకో పిల్లలున్న ఇంటికి అమ్మడం నా దృష్టిలో మోసం. దాని గుడ్లు పొదగేయడం కూడా తెలివైన పని కాదు, ఆ పొగరు కొంత సంతానానికి దిగుతుంది. ముల్లు కొనను ఆకురాయితో అరగదీసి మొండి చేయవచ్చు, కొన మాత్రమే. లోపల నెత్తురూ ఎముకా ఉంటాయి, మొదలుకు కోస్తే ప్రాణం మీదికి వస్తుంది. ముల్లు మొండి చేసినంత మాత్రాన ముక్కు మొండి కాదు గనుక దీన్ని కంచెకు బదులుగా చెప్పడం లేదు.

పిల్లలకు కోళ్లంటే భయం నేర్పమని కూడా నేను అనను. మూడేళ్లలోపు వారికి నియమాలు చెప్పి లాభం లేదు, చెప్పినది ఆ క్షణం దాకే నిలుస్తుంది. నాలుగైదేళ్లకు, పెద్దవారి చెయ్యి పట్టుకుని కంచె బయటి నుంచి గింజలు చల్లవచ్చు. ఆరేడేళ్లకు పుంజును వేరు చేశాక లోపలికి పోయి గుడ్లు తీయవచ్చు. రెక్క వాల్చడమంటే ఏమిటో, అప్పుడు పరుగెత్తకుండా ఎదురుగా ఉంటూ వెనక్కి ఎలా జరగాలో ఆ వయసుకు అర్థమవుతుంది.

ఇక మిగిలింది పక్కింటి పుంజు. మన కంచె మన కోళ్లను ఆపుతుంది గాని గోడ దూకి వచ్చేదాన్ని ఆపలేదు. దానికి ఉపాయం ఒక్క రెక్కకే పొడుగు ఈకలు కత్తిరించడం. రెండు రెక్కలూ కత్తిరిస్తే తూకం కుదిరి మళ్లీ ఎగురుతుంది, ఒకటే కత్తిరిస్తే పక్కకు ఒరిగిపోతుంది. కొత్తగా మొలుస్తున్న, నెత్తురున్న ఈకల జోలికి పోకపోతే నొప్పి ఉండదు, ఈకలు మార్చినప్పుడు అవి మళ్లీ వస్తాయి. ఈ మాటే మా పక్కింటాయనతో అన్నాను.

"ఏందక్కా, ఈక కత్తిరిస్తే పుంజుకు అందమేముంటది? సంక్రాంతికి అడిగేవోడు రేటు తగ్గించడా?" అన్నాడు.

"రేటు నాకు తెలీదబ్బయ్యా. మా గోడ దిగితే నేను పట్టి గంప కింద మూస్తా, నువ్వొచ్చి తీసుకుపోవాల."

పండగ అయ్యాక కత్తిరిస్తానన్నాడు. అప్పటిదాకా ఆ గోడ మీద మూడడుగుల ఎత్తున వల కట్టడానికి కర్రలు ఆయన ఇచ్చేటట్టు, వల మేం తెచ్చేటట్టు ఒప్పుకున్నాము.